ఇరవై మూడో ఫోటో

గౌను అంచుకు రెండు పిన్నీసులు. అవే పిన్నీసులు, అదే చోట, ఎడమ మోకాలికి జానెడు కింద. పొద్దుటి నుంచి ఆరు ఫోటోల్లో చూశాడు కృపానందం, ఇది ఏడోది. నల్ల గౌను, భుజాల మీంచి ఎర్ర పట్టీ, నెత్తిన పలక లాంటి టోపీ, వెనక నీలం తెర. పటాన్‌చెరు బస్టాండు వెనక చంద్రకాంత్ స్టూడియోలో ఉన్నది ఒక్కటే గౌను. పట్టా ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ అదే గౌను. మధ్యాహ్నం ఫోన్ చేసి, మార్కుల మెమో చూసే తొడుగుతున్నావా అని అడిగితే, "నేను ఫోటో తీస్త గనీ పరీక్ష పెడ్తనా అన్నా?" అని నవ్వాడు చంద్రకాంత్. అంతగా నవ్వాల్సిన మాటేముంది అందులో? గౌను కిరాయికి తిరిగే ఊళ్లో పట్టా మాత్రం కిరాయికి దొరకదని నమ్మకమేమిటి? గోడ గడియారం అయిదూ అయిదు చూపిస్తోంది. అది నాలుగు నిమిషాలు వెనక నడుస్తుందని కృపానందానికి ఎప్పటి నుంచో అనుమానం. ఆరింటికి సంగారెడ్డి జిల్లా పేజీ మూసేస్తారు. ఇరవై మూడు ఫోటోల్లో ఇరవై రెండింటికి సరేనని చెప్పి పంపాడు. ఈ ఒక్కదాని దగ్గర వేలు ఆగిపోయింది.

నిజానికి ఈ కాలంలో పట్టాల వార్తకు విలేకరి అక్కర్లేదు, అదే రాసుకుంటుంది. కాలేజీ వాళ్లు సభకు ముందు రోజే ప్రెస్ నోట్ పంపేస్తారు. ముఖ్య అతిథి ఇంకా ఇంట్లో చొక్కా ఇస్త్రీ చేయించుకుంటుండగానే విద్యార్థులకు ఉద్బోధ చేసేసి ఉంటాడు, చప్పట్లు కూడా మోగిపోయి ఉంటాయి. ఒకసారి అతిథి రాకుండానే ఉద్బోధించిన వార్త కృపానందం పేరు మీద అచ్చయింది. ఎవరూ అడగలేదు, ఆ అతిథి మర్నాడు ఫోన్ చేసి, బాగా వచ్చిందయ్యా అన్నాడు. వెలిమెల అపార్ట్‌మెంట్ల నుంచి తల్లిదండ్రులు పిల్లల గురించి మూడేసి పేజీలు పంపుతారు, మూడో ఏట చెప్పిన పద్యం దగ్గర నుంచి. పదిహేనేళ్లుగా ఏప్రిల్, మే, జూన్ నెలలు ఇలాగే గడిచాయి. ఈ ఏడు డెస్కుకు కొత్తగా వచ్చిన కృష్ణప్రియకు ఇది నచ్చలేదు. "టాపర్లు వద్దన్నా. వాళ్ల ఫోటోలు కాలేజీ యాడ్లల్ల ఎట్లాగూ వస్తయి. ఇంట్ల ఇప్పటిదాకా ఎవ్వరూ డిగ్రీ చూడనోళ్లు ఉంటరు కదా, వాళ్లను వేద్దాం," అంది. శీర్షిక కూడా తనే పెట్టింది, ఇంట్లో తొలి పట్టా అని. పేజీలో నంబరిచ్చి ఫోటోలు పంపమన్నారు. ఆలోచన మంచిదే, కాదనడానికి లేదు. కాని మంచి ఆలోచనలు హైదరాబాదులో ఏసీ కింద కూర్చున్న వాళ్లకు వస్తాయి, వాటి కింద నిజానిజాలు వెతికే పని పటాన్‌చెరులో రేకుల గదికి వస్తుంది. తప్పు పోతే సవరణ ఎవరి పేరు మీద పడుతుంది? "ఒక్కటి గూడ తప్పు పోవద్దన్నా," అంటూ ఆ పిల్ల నవ్విన నవ్వులో, పాత సంగతి ఎవరో చెప్పిన జాడ ఉంది. చెప్పే ఉంటారు, చెప్పకుండా తోటి విలేకరులకు అన్నం ఎలా అరుగుతుంది?

రెండేళ్ల కిందట మహేంద్ర అని ఒకడు వచ్చాడు. తండ్రి ఆటో నడుపుతాడు, తను ఎం.టెక్‌లో బంగారు పతకం కొట్టాడు, మెడలో వేసుకుని మరీ వచ్చాడు. ఎదురుగా ఆ కుర్చీలోనే కూర్చుని కష్టాలు చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగింది కృపానందం కళ్లలో. అర పేజీ రాశాడు. మూడు సంఘాలు పిలిచి శాలువాలు కప్పాయి. ఆ తర్వాత తేలింది, వాడు బి.టెక్ రెండో ఏడే వదిలేశాడని, పతకం కప్పులూ షీల్డులూ అమ్మే దుకాణంలో చేయించుకున్నాడని. శాలువాలు కప్పిన వాళ్లంతా కృపానందం మీద పడ్డారు. అప్పటి నుంచి తోటి విలేకరుల్లో అతని పేరు మెడల్ కృపానందం. చేతికి టీ ఇస్తూ కూడా, "నిజం టీయే అన్నా, జెర చూస్కొని తాగు," అంటారు. ఆనాటి నుంచి కళ్లనీళ్లను నమ్మడం మానేశాడు, తనవైనా సరే.

ఇరవై మూడో ఫోటోతో వచ్చిన మాటలు ఇంతే: పేరు బీరమ్మ. బి.ఏ. పాసైన. మా ఇంట్ల మొదటి డిగ్రీ. ఫోటో ఎయ్యండ్రి సార్. ఊరు లేదు, ఇంటిపేరు లేదు, తండ్రో మొగుడో ఎవరి పేరూ లేదు, ఎక్కడ చదివిందో లేదు. మిగతా వాళ్లు మేనత్తల పేర్లు కూడా రాశారు. ఫోన్ నంబరు పక్కన మనిషి ముఖానికి బదులు గులాబీ పువ్వు. ఒంటిగంటకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. రెండు కావస్తుండగా, ఊరి పేరు, హాల్ టికెట్ నంబరు పంపండి అని మెసేజి పెట్టాడు. టిక్కులు నీలమయ్యాయి. చూసింది, చూసి ఊరుకుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ స్విచాఫ్. పట్టా ఉన్న మనిషి హాల్ టికెట్ అడగ్గానే ఫోన్ ఆపేసుకుంటుందా? నిన్నటికి నిన్న ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మాయి ఒకామెను నంబరడిగితే ఆరు సెమిస్టర్ల మెమోలు, ఆధార్ కార్డు, అమ్మవారి గుడి ముందు కుటుంబమంతా దిగిన ఫోటో కలిపి పంపింది. నిజం అలా ఉంటుంది, చాలమ్మా అన్నా ఆగదు. పొదుపుగా మాట్లాడేది అబద్ధమే. ఈ సంగతి కృపానందానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. నలభై దాటిన ముఖం. చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలు. నవ్వలేదు, బిగుసుకోనూ లేదు, ఇటు చూడమంటే చూసిన మనిషి. కిందికి జరిపాడు. గౌను అంచు కింద చీర కుచ్చిళ్లు కనిపించాలి, కనిపించలేదు; నీలం ప్యాంటు, ముందు భాగం ఇనుముతో గట్టిగా ఉండే ఫ్యాక్టరీ బూట్లు. పైకి జరిపాడు. మెడ దగ్గర గౌను పక్క నుంచి వేలెడు ఆకుపచ్చ నాడా బయటికి వచ్చి ఉంది, కంపెనీ కార్డు వేలాడే నాడా. ఆ రంగు తెలుసు, జిన్నారం దారిలో ఉన్న మందుల కంపెనీది. డిగ్రీ ఫోటో దిగబోయే ఆడమనిషి ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకోదా? రెండు పూలు పెట్టుకోదా? షిఫ్టు బట్టల మీద గౌను తొడుక్కోవడమేమిటి? తోటి వాళ్లెవరో సరదాకి తొడిగి దింపి ఉంటారు. లేదంటే ఈమెను ముందు పెట్టి తనను మళ్లీ బజారుకీడుస్తున్నారు. పక్క పత్రిక వాడికి, మెడల్ అని మొదట పిలిచిన వాడికి, జిన్నారంలో చుట్టాలున్నారు. ఆ గులాబీ వాడిదే ఎందుకు కాకూడదు? రేపు పేజీ రాగానే గుంపుగా వచ్చి మెట్ల మీద నిలబడి నవ్వడానికి వాడికి ఇంతకంటే ఏం కావాలి?

కిటికీలోంచి వాసన మొదలైంది. సాయంత్రం అయిదు దాటితే ఇక్కడి గాలి మారుతుంది, గొంతులో చేదు మందు బిళ్ల కరిగినట్టుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు, ఇక్కడ పెరిగినవాళ్లకు అది టైము చెబుతుంది. ఈ టైముకే నాన్న ప్లాంటు నుంచి సైకిలు మీద వచ్చేవాడు. గుంటూరు దగ్గర పల్లె నుంచి ఉద్యోగానికొచ్చి, ఇక్కడే ఉండిపోయి, పోయేదాకా 'వచ్చాను', 'తిన్నాను' అని కోస్తా యాసలోనే మాట్లాడిన మనిషి. బడి నుంచి 'వచ్చిన', 'తిన్న' అని ఇక్కడి యాస నేర్చుకొచ్చిన కొడుకును చూసి మురిసిపోయేవాడు. ఆయనకు ఒకటే కోరిక, వంశంలో ఒక్క పట్టా. మే నెలలో ఒక ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక పాస్టరు అయ్యగారు, "ఈ ఏడు చదువులు ముగించిన బిడ్డలు ముందుకు రండి, ప్రార్థన చేసుకుందాం," అంటారు. ప్రతి ఏడూ అంటారు. ఆ ఏడు కృపానందం బెంచీలో కదలకుండా కూర్చున్నాడు. బి.కాం.లో ఒక్క పేపరు పోయింది, తెలిసి నాలుగు రోజులైంది, ఇంట్లో చెప్పలేదు. అమ్మ సువార్తమ్మ మోచేత్తో పొడిచి, లేవరా, అయ్యగారు పిలుస్తున్నారు అంది. నాన్న అటు మగవాళ్ల వైపు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు, కొడుకును చూడటానికి. లేచాడు, వెళ్లాడు. అయ్యగారి చెయ్యి నెత్తి మీద పడింది, సంఘమంతా ఆమెన్ అంది. సంఘమంతా ఆమెన్ అన్నాక మళ్లీ ఆ పేపరు రాయడానికి ఏ ముఖంతో వెళతాడు? పెళ్లిచూపుల్లో బి.కాం., పత్రిక దరఖాస్తులో బి.కాం. ఈ ఏడు కూతురు జెన్నిఫర్ బీ ఫార్మసీ పూర్తి చేసింది. "మనింట్ల మొదటి డిగ్రీ నీదైపాయె నాన్నా, లేకుంటే నా ఫోటో వచ్చేది," అని మొన్న అన్నం తింటూ నవ్వింది. పిల్ల స్థలంలో తను కూర్చున్నాడు, ఇరవై నాలుగేళ్లుగా లేవకుండా. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, ఆ వేడంతా తిరిగి తిరిగి గౌను తొడుక్కున్న ఆడమనిషి మీదికే మళ్లింది. నాకు తెలుసమ్మా, ఇలాంటివి ఎలా చేస్తారో నాకు తెలుసు.

అప్పుడు నర్సింగ్ గుర్తొచ్చాడు. ఆకుపచ్చ నాడా కంపెనీకి హెల్పర్లను పెట్టే లేబర్ కాంట్రాక్టరు. కంపెనీలో ఎప్పుడు పొగ లేచినా అందరికంటే ముందు ఫోన్ చేసి, ఏం లేదన్నా, ఉత్త పొగే అని చెప్పే మనిషి.

"హా అన్నా, బోలో."

"మీకాడ బీరమ్మ అని ఉన్నదా నర్సింగ్?"

"ముగ్గురున్నరు. ఏ బీరమ్మ?"

"బి.ఏ. చదివిన బీరమ్మ."

అవతల నవ్వు. "బి.ఏ.నా? మా హెల్పర్లల్ల పది దాటినోళ్లే లేరన్నా. ఎవలో నిన్ను పరేషాన్ చేస్తున్నరు. ఫోటో ఉంటే పంపు, చూసి చెప్త."

పంపాడు. ఇందాకటి నుంచి ఆగిపోయి ఉన్న వేలు అప్పుడు మాత్రం ఆగలేదు. రెండు నిమిషాల్లో జవాబు: గీమె డ్రయ్యర్ సెక్షన్‌ల చేస్తది. ఏడో తరగతి అని రాసిచ్చింది, కాగితం నా దగ్గరున్నది. కృపానందం కుర్చీలో వెనక్కి వాలాడు. కృష్ణప్రియకు మెసేజి పెట్టాడు, ఇరవై మూడు తీసెయ్యండి మేడం, ఫేక్ అని. ఆ చివరి మాట టైపు చేస్తుంటే రెండేళ్లుగా మెడ మీద ఉన్న బరువేదో దిగినట్టయింది. చల్లారిన టీ తాగాడు, అది కూడా బాగుంది. ఈసారి ఎవరూ మోసం చేయలేకపోయారు. మహేంద్రను అప్పుడు ఇలాగే ఒక్క ఫోన్‌తో పట్టుకుని ఉంటే ఎంత బాగుండేది. ఏడో తరగతి ఎక్కడ, బి.ఏ. ఎక్కడ. ఏడో తరగతి అని రాసిచ్చింది. రాసిచ్చింది, కాగితం ఉంది. ఈ మాట ఇదివరకు ఎక్కడో విన్నాడు. ఎక్కడ? ఇస్నాపూర్ చౌరస్తా, టీ బండి, పైన వాన. నాలుగేళ్లయి ఉంటుంది. తడిసిన చొక్కాతో ఒక కుర్రాడు, బీఎస్సీ మ్యాథ్స్. "డిగ్రీ అని చెప్తే గేటు కాడికే రానియ్యరు సార్. లోకలోడు, సదువుకున్నోడు అంటే యూనియన్ పెడ్తడని భయం. తొమ్మిది ఫెయిల్ అని రాసిచ్చిన." అలాంటి వాళ్లు మొత్తం పదకొండు మంది దొరికారు. పేర్లు మార్చి రాశాడు, పట్టాలు దాచుకుని పనికి అని శీర్షిక కూడా పెట్టాడు. కంపెనీల ప్రకటనలు పోతాయని పైవాళ్లు వేయలేదు. రెండు రోజులు కొట్లాడాడు, మూడో రోజు మరిచిపోయాడు.

చేతిలో కప్పు కింద పెట్టాడు. ఊరి పేరు ఎందుకు రాయలేదు? మొగుడి పేరు ఎందుకు రాయలేదు? ఈ చుట్టుపక్కల బీరమ్మలు వందల మంది. టోపీ పెట్టుకున్న ముఖం, ఉత్త పేరు. తెలియాల్సిన వాళ్లకు తెలుస్తుంది, తెలియకూడని వాళ్లకు తెలియదు. ఎంత జాగ్రత్తగా కొలుచుకుని పంపింది ఆ నాలుగు మాటలు. ఫోన్ ఆగింది రెండింటికి. రెండింటికి బి షిఫ్టు. ఫోన్లు గేటు దగ్గర ఇచ్చి లోపలికి వెళ్లాలి. అదీ తెలుసు, ఎన్నిసార్లు ఆ గేటు ముందు నిలబడలేదు? ప్యాంటూ బూట్లూ ఎందుకంటే షిఫ్టు దిగి నేరుగా స్టూడియోకు వెళ్లింది కనుక. గౌనుకు ఎన్ని పిన్నీసులున్నాయో చూసిన కళ్లకు ఇవేవీ కనపడలేదు. అబద్ధం ఉందన్న మాట నిజమే. కాని అది ఫోటోలో లేదు, గేటు దగ్గరుంది, అదీ పని కోసం ఆడిన అబద్ధం. తనకు లేనిది ఉందని చెప్పుకున్న మనిషికి, ఉన్నది లేదని చెప్పుకునే మనిషి తట్టలేదు. నర్సింగ్‌కు చేశాడు. బిజీ. మళ్లీ చేశాడు. బిజీ. పొరబడ్డా తమ్మీ, ఆ బీరమ్మ వేరే, ఇది వేరే ఊరామె ఫోటో అని చెప్పాలి. ఎలా చెబితే నమ్ముతాడో రెండుసార్లు పైకి అనుకుని చూసుకున్నాడు. దేవా, ఈ ఒక్కసారి నా నోట అబద్ధం బాగా రానియ్యి.

అయిదూ నలభైకి నర్సింగే చేశాడు. "షుక్రియా అన్నా, మంచిగ చెప్పినవ్. పిలిపించి అడిగిన. దాయలే. అవు సార్, పాసైన, సెకండ్ క్లాస్ అన్నది. నిజంగనే బి.ఏ. అన్నా! ఓపెన్ల రాసిందట, షిఫ్టులు మార్చుకుంట."

"నర్సింగ్, ఆమెను ఏమనకు. నేను ఊకెనే అడిగిన."

"అనుడేంది, కార్డు గుంజుకొని బయటికి పంపిన. బి.ఏ. చదివినామెకు డ్రయ్యర్ కాడ ఏం పని చెప్పు? ఏదో మనసుల పెట్టుకొనే వచ్చింది. రేపు మేనేజ్‌మెంట్‌కు తెలిస్తే నా కాంట్రాక్ట్ పోతది."

"తమ్మీ, జెర ఆగు. నేనొచ్చి మాట్లాడత. ఆమె తప్పేం లేదు."

"నువ్వే గద ఫోటో పంపింది?" నర్సింగ్ గొంతు మారింది. ఆ మారడం కృపానందానికి బాగా తెలుసు, మధ్యాహ్నం నుంచీ తన లోపల వింటున్నది అదే. "నీకేమైతది అన్నా ఆమె? పేపర్ల ఏమన్న రాస్తున్నవా మా మీద?" జవాబు వినకుండానే పెట్టేశాడు.

ఫోన్ ఇంకా చేతిలో ఉండగానే తెర మీద గులాబీ పువ్వు వెలిగింది. ఎత్తడానికి భయమేసింది. ఎత్తాడు. వెనక లారీల హారన్లు, హిందీలో ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక.

"సార్, నేను బీరమ్మను. పగటీలి నంబరు అడిగిండ్రు గద. అప్పటికే గేటు కాడికొచ్చిన, ఫోన్ గుంజుకున్నరు. ఇప్పుడు చెప్త, రాసుకుంటరా?"

అతను రాసుకున్నాడు. ఒక్కొక్క అంకె విడిగా, బడిలో టీచరు చెప్పినట్టు చెప్పింది. తర్వాత ఊరి పేరు కూడా చెప్పింది.

"సార్, ఒకటి అడుగుత. ఆ ఫోటో మీకొక్కలకే పంపిన. మా ఇంట్ల గూడ ఇంక చూపియ్యలే, పేపర్ల వచ్చినంకనే చూపిద్దమనుకున్న. నర్సింగ్ సార్ ఫోన్ల ఎట్లొచ్చింది?"

ఎవరో పంపి ఉంటారమ్మా అనవచ్చు. స్టూడియో వాడి మీద పెట్టవచ్చు. ఆమె నమ్ముతుంది, ఈమె ఏదైనా నమ్మే మనిషిలా ఉంది. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. "నేనే పంపినమ్మా," అన్నాడు. "నువ్వు అబద్ధం చెప్తున్నవేమో అనుకున్న."

"అబద్ధమా," అంది ఆమె, అడిగినట్టు కాదు. "ఎనిమిదేండ్లు రాసిన సార్." ఏడుస్తుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది, తిట్టించుకోవాలని ఉంది. ఆమె గొంతు సవరించుకుంది. "సరే, పోనియ్యండ్రి. అయితే ఊరి పేరు గూడ ఎయ్యండ్రి. మా ఆయన పేరు గూడ ఎయ్యండ్రి, లింగయ్య. ఇగ దాచుడెందుకు?"

ఆరుకు ఏడు నిమిషాలు ఉండగా కృష్ణప్రియకు చేశాడు. "ఇరవై మూడు ఉంచండి మేడం. నిజమే. అన్నీ రాసుకోండి," అని పేరు, ఊరు, మొగుడి పేరు, నంబరు చెప్పాడు. ఫేక్ అన్నరు కదా అని ఆమె అడిగితే, తప్పు నాదే అన్నాడు. ఆమె టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది.

"అందరికీ ఏం పని చేస్తరో ఒక ముక్క వేస్తున్నం అన్నా. ఈమె?"

"మందుల కంపెనీల హెల్పర్ చేస్తుండె."

"చేస్తుండెనా? ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

"ఎప్పటి సంది?"

"పావుగంట అయితుంది."

టైపు చప్పుడు ఆగింది. "పావుగంటనా? ఏమైందన్నా? ఏమని వెయ్యాలె?"

"మన విలేకరి ఫోన్ చేసి అడిగినందుకు పని పోయింది అని వెయ్యండి."

"అట్ల ఎట్ల వేస్తం అన్నా, చూసుకోకుండ?"

"చూసుకున్న మేడం," అన్నాడు కృపానందం. "నేనే చూసుకున్న. ఇందుల మాత్రం ఏ అనుమానం లేదు."